నిండుసభలో ఒక్క గొంతుక

మహాభారతమున సభాపర్వము పారాయణ చేయువారు ద్రౌపదీదేవి మొరపెట్టుకొనిన ఘట్టమునకు వచ్చునప్పటికి పుస్తకము మూసి కొంతసేపు ఊరకుండుట నేను చూచితిని. దుశ్శాసనుని దౌష్ట్యము, కర్ణుని పరుషవాక్యములు, భీముని ప్రతిజ్ఞ మనకు పసితనము నుండి తెలిసినవే. హరికథలలోను, వీధినాటకములలోను విన్నవే. కాని ఆ సభలో మరియొక వ్యక్తి కలడు. కథకులు సాధారణముగా అతనిని రెండు మాటలలో ముగించి ముందునకు సాగిపోవుదురు. అతడు వికర్ణుడు, ధృతరాష్ట్రుని నూర్గురు కుమారులలో ఒకడు, దుర్యోధనునకు తమ్ముడు.

ద్రౌపది అడిగిన ప్రశ్న చిన్నది. ధర్మరాజు ముందుగా పణమొడ్డినది తన్నా, తన భార్యనా? తాను ఓడి దాసుడైనవానికి మరియొకరిని ఒడ్డు అధికారము ఎక్కడిది? సభలో భీష్ముడు కలడు, ద్రోణుడు కలడు, కృపుడు కలడు. ఈ ప్రశ్నలోని ధర్మము వారికి తెలియదని ఎవరందురు? భీష్ముడు ధర్మగతి సూక్ష్మమని చెప్పి నిర్ణయము చేయజాలననెను. తక్కినవారు తలలు వంచుకొనిరి. అప్పుడు వికర్ణుడు లేచి, పెద్దలను పేరుపేరున చూచి, సమాధానము చెప్పుడని అడిగెను. ఒకసారి కాదు, పలుమారులు అడిగెను. ఎవరును నోరు విప్పలేదు. అతడు చేతులు నలుపుకొని, నిట్టూర్చి, ఎవరు చెప్పినను చెప్పకున్నను న్యాయమని తనకు తోచినది చెప్పెదనని ఆరంభించెను. జూదము వ్యసనము, వ్యసనమున మునిగినవాడు చేసిన పని చెల్లదు. ద్రౌపది ఐదుగురకును భార్య. ఒక్కడు ఒడ్డుట చెల్లదు. తాను ఓడిన పిదప ఒడ్డినాడు గనుక చెల్లదు. ఆ పణమును సూచించినవాడు శకుని గనుకను చెల్లదు. కావున ఈమె జయింపబడినది కాదు. నేటి న్యాయస్థానములలో వాదించు ప్లీడరుగారు కూడ దీనికి చేర్పవలసినది పెద్దగా లేదు.

ఆ మాటలకు సభ హర్షధ్వానము చేసెను. వికర్ణుని మెచ్చుకొనిరి, శకునిని నిందించిరి. ఇది గమనింపదగిన సంగతి. ధర్మమేదో ఆ సభకు తెలియును. ఒక్క గొంతుక లేచినంతనే అందరి హృదయములందున్నది బయటపడినది. కాని మరుక్షణమున కర్ణుడు లేచి వికర్ణుని మందలించెను. ఆ మందలింపులోని తర్కము విచిత్రమైనది. ద్రౌపది ఇంతగా అడుగుచున్నను ఈ రాజులెవ్వరును మాటాడకున్నారు. కాబట్టి ఆమె ధర్మముగనే జయింపబడినదని వారందరును భావించుచున్నారు. బాలుడవైన నీవు వృద్ధునివలె పలుకుట తగదు. ఇదియే ఆ వాదము. పెద్దల మౌనమే సాక్ష్యమైపోయినది. భీష్మద్రోణులు భయముచేతనో, మొగమాటముచేతనో, రాజాన్నము తినుటచేతనో ఊరకున్నారు; ఆ ఊరకుండుట అధర్మమునకు ప్రమాణపత్రమైనది. మెచ్చుకొనిన సభ మరల మూగవోయినది.

మనుష్యులు అందరితోపాటు తల ఊపుట ఎందుకు, ఏ కొందరో ఊపకుండుట ఎందుకు అను ప్రశ్న నన్ను చాలకాలముగా వేధించుచున్నది. దీనిని పాశ్చాత్య దేశములలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేసి పరిశీలించినారు. అందు రెండింటిని ఇక్కడ చెప్పుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాను.

మొదటిది సోలమన్ ఆష్ అను అమెరికను పండితుడు చేసినది, 1951లో వెలువడినది. ఒక గదిలో కొందరు విద్యార్థులను కూర్చుండబెట్టి, ఒక గీతను చూపి, దానితో సమానమైన గీత ఈ మూడింటిలో ఏదియని అడిగిరి. పసివాడు సైతము చెప్పగల ప్రశ్న. ఒంటరిగా అడిగినప్పుడు తప్పు సమాధానములు నూటికి ఒకటి కూడ లేవు. కాని ఆ గదిలో నిజముగా పరీక్షింపబడువాడు ఒక్కడే. తక్కినవారందరును ముందుగా చెప్పించుకొని వచ్చినవారు. వారందరును ఒక్కగొంతుతో తప్పు గీతను చూపినప్పుడు, ఇతడు కూడ సుమారు మూడవవంతు సందర్భములలో ఆ తప్పునే చెప్పెను. కన్నులు చూచుచునే ఉన్నవి. నోరు మాత్రము నలుగురివెంట పోయినది. అయినను పరీక్షింపబడినవారిలో సుమారు నాల్గవవంతు మంది ఒక్కమారైనను లొంగలేదు. ఆ గదిలో నిజము చెప్పు తోడు ఒక్కడున్నచో తప్పులు మిక్కిలి తగ్గినవి, నాల్గవవంతునకు పడిపోయినవి.

రెండవ ప్రయోగము మరింత భయంకరమైనది. 1961లో స్టాన్లీ మిల్గ్రామ్ అనునతడు యేల్ విశ్వవిద్యాలయమున ఆరంభించెను. జ్ఞాపకశక్తిని గూర్చిన పరిశోధనయని పత్రికలో ప్రకటించి సామాన్య గృహస్థులను పిలిపించెను. వచ్చినవాడు ఉపాధ్యాయుడు, ప్రక్కగదిలో కుర్చీకి కట్టబడినవాడు శిష్యుడు. శిష్యుడు తప్పు చెప్పినప్పుడెల్ల ఉపాధ్యాయుడు ఒక స్విచ్చి నొక్కి విద్యుదాఘాతము ఇయ్యవలెను. మొదటి స్విచ్చి 15 వోల్టులు, పిదప 30, పిదప 45. ఇట్లు ముప్పది మెట్లలో 450 వోల్టుల వరకు. నిజమునకు విద్యుత్తు లేదు, శిష్యుడు నటుడు. కాని ఉపాధ్యాయుడు ఆ సంగతి ఎరుగడు. అతడు సందేహించినప్పుడు, ప్రక్కన నిలిచిన అధికారి శాంతముగా, కొనసాగించవలసినదేనని చెప్పును. అంతకంటె బలవంతము లేదు. కొరడా లేదు, చెరసాల లేదు, ఉద్యోగము పోవునను భయము కూడ లేదు. మొదటి ప్రయోగమున పాల్గొన్న 40 మందిలో 26 మంది కడపటి స్విచ్చి వరకు పోయిరి. 14 మంది ఆగిపోయిరి.

ఆ 26 మందియు క్రూరులా? కారు. మిల్గ్రామ్ వ్రాసినదానిని బట్టి వారిలో పెక్కురు చెమటలు క్రమ్మి, వణకి, తడబడి, ఇది తగదని నోటితో చెప్పుచునే చేతితో స్విచ్చి నొక్కిరి. ఈ ప్రయోగము ధర్మసమ్మతమా యని తరువాత తీవ్రమైన విమర్శలు వచ్చినవి. ఆఘాతములు నిజమని అందరును నమ్మిరా యన్న సందేహమును కొందరు వెలిబుచ్చిరి. అవి త్రోసివేయదగినవి కావు. అయినను 2009లో వెలువడిన మరియొక పరిశోధనలో, 150 వోల్టులు దాటకుండ జాగ్రత్త వహించి అదే పరీక్ష చేయగా, నూటికి సుమారు డెబ్బదిమంది ముందునకు పోవుటకు సిద్ధపడిరి. అర్ధశతాబ్దిలో నరుని స్వభావము మారినట్లు కానరాదు.

నోటితో కాదనుచు చేతితో చేయు మనిషిని శ్రీమద్రామాయణము మనకు ఏనాడో చూపినది. అతడు మారీచుడు. రావణుడు సీతాపహరణమునకు తోడు రమ్మని పిలిచినప్పుడు, మారీచుడు చెప్పినంత చక్కని హితోపదేశము ఆ కావ్యమున అరుదు. రామబాణపు రుచి యెరిగినవాడు గనుక, అది తగదని, లంకకు చేటని, పరదారాపహరణము మహాపాపమని అనేకవిధముల చెప్పెను. వినకున్నచో ఇప్పుడే చంపెదనని రావణుడు బెదిరించెను. మారీచుడు బంగారులేడి యయ్యెను. జ్ఞానమునకు లోపము లేదు, వాక్కునకు లోపము లేదు. మనము తరచుగా అజ్ఞానమే అధర్మమునకు మూలమందుము. మారీచుని చూచినచో ఆ మాట సగమే నిజమనిపించును.

ఇక ఆగిపోయినవారిని గూర్చి విచారింతము. ఈ ప్రయోగములలో తేలిన సంగతులు కొన్ని కలవు. బాధపడువాడు కంటికి ఎదురుగా అదే గదిలో ఉన్నచో కడదాక పోయినవారు 40 మందిలో 16 మందే. కంటికి కనబడని బాధకు మనస్సు సులభముగా తలుపు మూసికొనును. ధృతరాష్ట్రుని అంధత్వమునకు ఇంతకంటె వేరు వ్యాఖ్యానము అక్కరలేదేమో! మరియు, తోడుగా కూర్చున్న ఇద్దరు ఉపాధ్యాయులు మధ్యలో లేచిపోయినప్పుడు, 40 మందిలో నలుగురు మాత్రమే చివరివరకు పోయిరి. 2009 నాటి పరిశోధనలో ఒక్కడే లేచిపోగా, ఆ ఒక్కని వలన చెప్పదగినంత మార్పు రాలేదు. ఒక్కడు చాలునా, ఇద్దరు కావలెనా యన్నది పండితులు తేల్చుకొందురు గాక. విభీషణుడు అన్నను విడిచి ఆకాశమార్గమున వచ్చినప్పుడు ఒంటరిగా రాలేదు, నలుగురు రాక్షసులతో వచ్చెను. వాల్మీకి మహర్షి ఆ లెక్కను ఊరక వ్రాసియుండడు. మన పెద్దలు సత్సంగమునకు ఇచ్చిన ప్రాధాన్యమునకు ఇదొక కారణము. సత్సంగమనగా భజనకు కూడుట మాత్రమే కాదు. కాదనవలసిన నాడు ప్రక్కన నిలుచు మనుష్యులను ముందే సంపాదించుకొనుట.

మూడవ సంగతి అన్నింటికంటె ముఖ్యమైనది. ఆగినవారిలో పెక్కురు కడ దాక పోయి ఆగినవారు కారు. శిష్యుడు నన్ను విడువుడని స్పష్టముగా కోరిన 150 వోల్టుల దగ్గరనే ఆగిరి. ఆ మెట్టు దాటినవాడు తరువాతి మెట్టును దాటుట సులభమైపోవును. ఒక్కొక్క స్విచ్చికి ముందుదానికంటె 15 వోల్టులే అధికము. నిన్న చేసినదానికి నేడు చేయునది రవంత ఎక్కువ, అంతే. ద్యూతసభను మరల చూడుడు. ధర్మజుడు మొదట రత్నములనొడ్డెను, పిదప సువర్ణము, రథములు, గజాశ్వములు, రాజ్యము, పిదప నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, పిదప తాను. ద్రౌపది వరకు వచ్చునప్పటికి సభలోని పెద్దలు ఎన్ని మెట్లు మౌనముగా చూచినారో లెక్కింపుడు. తమ్ములను ఒడ్డునప్పుడు మాటాడనివాడు భార్యను ఒడ్డునప్పుడు ఏ మొగముతో మాటాడును? మొదటినుండియు వద్దనుచు వచ్చిన విదురునకు మాత్రమే ఆ చిక్కు లేదు.

మిల్గ్రామ్ తన గ్రంథమున ఒక పెద్దమనిషి వృత్తాంతము వ్రాసినాడు. ఆయన ఒక మతవిద్యాలయమున యూదుల పురాతన ధర్మగ్రంథమును బోధించు అధ్యాపకుడు. 150 వోల్టుల దగ్గర చేయి తీసి, ఇక చేయననెను. అధికారి ఆజ్ఞలు ఇయ్యగా, ఆయన జంకక, నేను శిష్యుని మాట వినుచున్నాను గాని నీ మాట కాదనెను. అంతయు ముగిసిన పిదప, అన్యాయపు అధికారమును ఎదిరించు శక్తి మనుష్యునకు ఎట్లు కలుగునని మిల్గ్రామ్ అడుగగా, ఆయన ఇచ్చిన సమాధానపు సారాంశమిది: ఎవనికి భగవంతుడే పరమాధికారియో, వానికి మనుష్యుల అధికారము అల్పముగా తోచును. దీనిపై మిల్గ్రామ్ చేసిన వ్యాఖ్య సూక్ష్మమైనది. ఈయన అధికారమునే త్రోసిపుచ్చలేదు, చెడు అధికారము స్థానమున మంచి అధికారమును, అనగా దైవమును, నిలుపుకొనినాడని ఆతని భావము.

ఈ మాట చదివినప్పుడు నాకు వెంటనే స్ఫురించినది ప్రహ్లాదుడు. భాగవత సప్తమస్కంధమును తెనుగు చేసిన పోతనామాత్యుని పుణ్యమా యని ఆ బాలుడు ప్రతి తెలుగింటి బిడ్డయే. అతనిని తండ్రిపై తిరుగబడినవానిగా తలంచుట పొరపాటు. అతడు చండామార్కుల దగ్గర పాఠములు నేర్చెను. గురువులకు నమస్కరించెను, తండ్రికి నమస్కరించెను. తండ్రి ఒడిలో కూర్చుండి, అడిగినదానికి సమాధానము చెప్పెను. ఒక్క విషయమున మాత్రమే లొంగలేదు. ఏనుగులచే త్రొక్కించినను, పాములచే కరపించినను, విషము పెట్టించినను ఆ ఒక్కదానిని వదలలేదు. కడపట నరసింహస్వామి వరము కోరుకొమ్మనగా, తన తండ్రి పాపము తొలగవలెనని వేడెను. ద్వేషము లేని ధిక్కారమిది. మరియు ఈ ధైర్యము ఏనుగు ఎదుట నిలిచిన నాడు పుట్టినది కాదు. తల్లి గర్భమున నున్నప్పుడే నారదుని బోధ వినినాడు. గురువులు లేని సమయమున తోడి దైత్యబాలురను చేర్చి ఆ సంగతి తానే చెప్పెను. పరీక్ష వచ్చిన దినమున సమాధానము వెదకికొనువాడు మారీచుడగును. ముందే నిర్ణయించుకొనినవానికి ఆ దినమున చేయవలసిన ఆలోచనయే లేదు.

తిరుమలేశుని సంకీర్తనాచార్యుడైన తాళ్ళపాక అన్నమయ్య చరిత్రయు ఇట్టిదే. ఆయన మనుమడు చిన తిరువేంగళనాథుడు ద్విపదలో రచించిన చరిత్రమున ఈ కథ కలదు. సాళువ నరసింహుడు ఆయనను ఆదరించి, స్వామిపై పాడిన పదము విని ముగ్ధుడై, అటువంటి పదము తనపై చెప్పుమని అడిగెను. అన్నమయ్య చెవులు మూసికొని కాదనెను. రాజు కోపించి సంకెలలు వేయించెను. ఆ సంకెలలు స్వామిని స్తుతింపగా ఊడిపడుట మనకందరకు తెలిసిన మహిమ. నాకు అంతకు ముందరి క్షణము గొప్పగా తోచును. రాజు శత్రువు కాడు, స్నేహితుడు, ఆదరించినవాడు. అడిగినది హింస కాదు, ఒక్క పాట. శత్రువు ఆజ్ఞను కాదనుట కంటె మిత్రుని కోరికను కాదనుట కష్టము.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఎదిరించుటయే గొప్ప యైనచో హిరణ్యకశిపుని మించినవాడు లేడు. అతడు దేవతలను, లోకపాలురను, సాక్షాత్తు శ్రీహరినే ధిక్కరించెను. రావణుడును విభీషణుని మాట వినలేదు, మారీచుని మాట వినలేదు, మాల్యవంతుని మాట వినలేదు. ఎవరి మాటయు విననివాడు స్వతంత్రుడని నేటి యువకులు కొందరు తలంచుచున్నారు. ఈ రెండు ధిక్కారములకు భేదమేమి? నాకు తోచినది ఇది: దాని మూల్యమును ఎవరు చెల్లించుచున్నారో చూడవలెను. ప్రహ్లాదుని పట్టుదలకు ఏనుగుపాదము క్రింద పడినది ప్రహ్లాదుడు. రావణుని పట్టుదలకు కాలిపోయినది లంక.

చెప్పుట సులభము. నేను ఉపాధ్యాయవృత్తిలో చేరిన తొలినాళ్ళలో, ఒక పాఠశాలలో పబ్లికు పరీక్షలు జరిగినప్పుడు, గదులలో జరుగరానివి జరిగినవి. పరీక్షలు సక్రమముగా జరిగినవని ఒక కాగితముపై పర్యవేక్షకులందరును సంతకములు చేయవలసి వచ్చినది. కాగితము బల్ల వెంబడి చేతులు మారుచు వచ్చినది. నాకు ముందు ఏడెనిమిది సంతకములున్నవి. నేనును చేసితిని. నా ప్రక్కన తెలుగు పండితులవారు కూర్చున్నారు. బక్కపలుచని మనిషి, వీధికుక్క మొరిగినచో దారి మార్చుకొనువారు. ఆయన కాగితమును కండ్లజోడు పెట్టుకొని చదివి, సంతకము చేయక, నెమ్మదిగా ముందునకు జరిపినారు. ప్రధానోపాధ్యాయులు, “అందరూ చేశారు గదా పంతులుగారూ, మీ ఒక్కరికే ఏమి వచ్చింది?” అని అడిగిరి. “ఏమీ రాలేదండీ. తెల్లవారుజామున స్వామి ఎదుట కూర్చుని సహస్రనామం చదువుకోవాలి. రేపు కూర్చోలేనేమో అని భయం” అని పంతులుగారు చెప్పిరి.

భయమనియే ఆయన చెప్పినారు, ధైర్యమని అనలేదు. ఆ వేసవిలోనే ఆయనకు బదిలీ అయినది. ఏరు దాటి వెళ్ళవలసిన ఊరు. వారి ఇల్లాలు అప్పటికే జబ్బు మనిషి. బండి యెక్కునప్పుడు నేను సామానులు అందించితిని గాని, నా సంతకము మాట ఎత్తుటకు నోరు రాలేదు. తరువాత వారిని నేను చూడలేదు. ఆయన వలెనే నాకును నాడు భయము కలిగినది. కాని నా భయము ఎదురుగా కుర్చీలో కూర్చున్నవారిని గూర్చినది.

ద్యూతసభలో విదురుడు కడపట చెప్పిన ఒక ఉపాఖ్యానము ఈ సందర్భమున మరువరానిది. ఆ కథలో న్యాయము చెప్పవలసినవాడు మన ప్రహ్లాదుడే. ఇప్పుడు బాలుడు కాడు, దైత్యరాజు. తన కుమారుడు విరోచనునకును అంగిరసుని కుమారుడు సుధన్వునకును ప్రాణములే పణముగా తగవు వచ్చినది. ఇరువురును ప్రహ్లాదుని దగ్గరకు వచ్చిరి. అతడు కశ్యపుని అడుగగా, ఆయన చెప్పినది వినినచో ఒడలు జలదరించును. సభలో నింద్యమైన కార్యము జరుగుచుండగా నిందింపకున్నచో, ఆ పాపమున సగము సభాధ్యక్షునిది, నాల్గవవంతు మాత్రమే చేసినవానిది, తక్కిన నాల్గవవంతు చూచుచు ఊరకున్న సభ్యులది. ప్రహ్లాదుడు తన కుమారునికి వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. చిన్ననాడు తండ్రి ఎదుట నిలిచిన మాట, పెద్దనాడు కుమారుని ఎదుటను నిలిచినది. విదురుడు ఈ కథను చెప్పిన పిదప కూడ ఆ రాజులు మాటాడలేదని వ్యాసులవారు వ్రాసినారు.

మరి వికర్ణుడేమయ్యెను? అతడు ఆ దినమున చెప్పవలసినది చెప్పినాడు, కర్ణుని చేత మాటపడినాడు, మరల తన అన్నల మధ్య కూర్చున్నాడు. విభీషణునివలె లేచిపోలేదు. కురుక్షేత్రమున యుద్ధారంభమునకు ముందు ధర్మరాజు, మా పక్షమునకు వచ్చువారెవరైన కలరా యని కౌరవసేన వైపు చూచి పిలిచినప్పుడు, ధృతరాష్ట్రునకు వైశ్యస్త్రీ యందు పుట్టిన యుయుత్సుడు దాటి వచ్చెను, వికర్ణుడు రాలేదు. అన్నలపై ప్రేమయా, కులముపై అభిమానమా, ఒకమారు చెప్పితిని చాలునను తృప్తియా, తెలియదు. అతనిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు. పదునాల్గవ దినమున అతడు భీమునికి ఎదురుపడెను. నూర్గురను చంపెదనని సభలో భీముడు చేసిన ప్రతిజ్ఞలో ఈ ఒక్కనికి మినహాయింపు లేదు. వికర్ణుని కూల్చిన పిదప భీముడు అతనిని చూచి దుఃఖించెను. తక్కిన ధార్తరాష్ట్రులు కూలినప్పుడు ఎన్నడును అట్లు దుఃఖింపని భీముడు, ప్రతిజ్ఞను పాలించుటకై నిన్ను చంపవలసి వచ్చినదని పలికి, మరల రథమును ముందునకు నడిపించెను.